హాజరుపట్టీలో వేలిముద్ర

తొంభైల చివర్లో ధవళేశ్వరంలో ఓ ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా పనిచేసేదాన్ని. వికలాంగుల కోటాలో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టులు నింపే బాధ్యత నాదే. పైవాళ్ల వెంటపడి మరీ మొదటి నియామకం సాధించాను. చూపులేని రత్నకుమారి టెలిఫోన్ ఆపరేటరుగా చేరడానికి వచ్చింది.

ఆ ఉదయం పొగమంచు. గోదావరీ, బ్యారేజీ, అవతలి గట్టూ తెల్లదనంలో కరిగిపోయాయి. నీళ్ల హోరు మాత్రం కిటికీలోంచి వస్తోంది. ఆ హోరులో నా గొంతు నాకే కమ్మగా వినిపిస్తుంటే, అందరి ముందూ సమానత్వం గురించి మాట్లాడాను. తర్వాత హాజరుపట్టీ తెరిచి, సంతకం రానివాళ్లకు చేసినట్టే ఇంకుప్యాడ్ మూత తీసి, ఆమె బొటనవేలు పట్టుకున్నాను.

"సంతకం చేస్తానండి మేడమ్. ఎక్కడ చెయ్యాలో వేలు పెట్టి చూపించండి, చాలు" అంది మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. నా చూపుడువేలు గడి పక్కన ఉంచాను. ఆమె దాన్ని తడిమి చూసుకుని, గుండ్రటి అక్షరాలతో పేరు రాసింది.

వేలు తీశాక చూస్తే కాగితం మీద నీలిమరక. ప్యాడ్ తెరిచినప్పుడు నా వేలికి ఇంకు అంటిందన్నమాట.

రిటైరయ్యాను. మంచు కురిసే ఉదయాల్లో ఆ పేజీ ఇప్పటికీ కళ్లముందు తేలుతుంది. ఆమెది సంతకం, నాది వేలిముద్ర.