నీళ్ళ చప్పుడు చాటున

మా అమ్మ నర్సు. డ్యూటీ దిగేముందు, తర్వాత వచ్చే నర్సుకు వార్డంతా అప్పగించాలి. ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి జ్వరం తగ్గలేదు, ఎవరు అన్నం ముట్టలేదు, అన్నీ చెప్పాలి. విన్నావిడ "తీసుకున్నాను" అంటేనే చెప్పినావిడ గుమ్మం దాటాలి. ఢిల్లీలోని ఆసుపత్రి క్వార్టర్స్‌లో మా ఇంట్లోనూ అదే పద్ధతి. నేను బడి నుంచి, ఆ తర్వాత కాలేజీ నుంచి రాగానే అమ్మ బియ్యం ఏరుతూ, "ఊఁ, అప్పగించవే" అనేది. పొద్దుటి నుంచి జరిగిందంతా తెలుగులో, ఒక్క హిందీ ముక్క దొర్లకుండా చెప్పాలి. ఎక్కడైనా "ఠీక్ హై" అని నోరు జారానో, మళ్ళీ మొదటి నుంచి. అంతా అయ్యాక, "సరే, తీసుకున్నా, ఇంక పో" అనేది. అప్పుడే కాళ్ళు కడుక్కోవడం, అప్పుడే తిండి.

అమ్మ పోయింది. క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. కటవారియా సరాయ్‌లో గది తీసుకున్నాను. గోడ అవతల పరీక్షలకు చదివేవాళ్ళు. నేను దగ్గితే వాళ్ళకు వినిపించేది, వాళ్ళు పేజీ తిప్పితే నాకు వినిపించేది. తనలో తాను మాట్లాడుకునే పిచ్చిది అనిపించుకోవడం ఇష్టం లేక నోరు కట్టేసుకున్నాను. ఆదివారం చర్చిలో తెలుగు ఆంటీలకు కొదవ లేదు గానీ, వాళ్ళ దగ్గర ఉన్నది ఒకటే ప్రశ్న, పెళ్ళెప్పుడని. జవాబు చెప్పి చెప్పి విసుగెత్తి, వెనక బెంచీలో కూర్చుని అందరికన్నా ముందే లేచి వచ్చేసేదాన్ని. రోజులు నాలోనే పోగుపడుతున్నాయి, తీసుకునేవాళ్ళు లేరు. అంత ఒంటరితనం ఆ తర్వాత నేనెప్పుడూ ఎరగను.

ఉద్యోగం ఓఖ్లాలో, నీళ్ళు చిమ్మే నాజిళ్ళు తయారుచేసే చిన్న కంపెనీలో. కూలర్లు చేసేవాళ్ళు రేకులకు రంగు వేసేముందు వాటిని కడగడానికి మా నాజిళ్ళు కొనేవారు. అక్కడ ఆడ ఇంజనీరును నేనొక్కదాన్నే. అందుకే కాబోలు, ఎవరికీ అక్కర్లేని టెస్టు గదిని నాకు అంటగట్టారు. అక్కర్లేకపోవడానికి కారణం మోత. వాల్వు తెరిస్తే ఇనప డబ్బాలో కంకర పోసి కుదిపినట్టు ఉండేది. పక్కన నిలబడి అరిచినా వినిపించదు. వాల్వు దగ్గర ఒక హర్యానా పెద్దాయన ఉండేవాడు. నేను చెయ్యెత్తితే తెరిచేవాడు, దించితే మూసేవాడు. మా ఇద్దరి మధ్యా అంతకు మించి మాటల్లేవు.

చేరిన కొత్తలోనే ఒక సాయంత్రం ఆ మోతలో నా నోరు దానంతటదే తెరుచుకుంది. "అమ్మా, ఇవాళ బస్సులో నిలబడ్డానికి కూడా చోటు లేదే" అన్నాను, గొంతు చించుకుని. నా మాట నాకే వినిపించలేదు. ఇంకేం కావాలి? ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం ఆఖరి పరీక్ష జరిగేటప్పుడు అమ్మకు అప్పగింత. టీలో పడిన ఈగ, తెగిన చెప్పు, నాతో మాట్లాడాల్సినవన్నీ నా పక్కవాడితో మాట్లాడే మేనేజరు, అన్నీ చెప్పేదాన్ని. అవతల తీసుకునే మనిషి లేకపోయినా, చెప్పుకోవడమన్నా మిగిలింది. ఢిల్లీ మొత్తంలో నాకున్న చోటు అదొక్కటే.

ఇక నాజిల్ సంగతి. నీళ్ళు విసనకర్రలా సమంగా పరుచుకోవాలి. మావేమో మధ్యలో కుప్పపడి, అంచుల్లో పలచబడేవి. రేకు మీద మురికి చారలు మిగిలిపోయి, వేసిన రంగు పెచ్చులూడేది. నాజిల్ కింద వరసగా గాజు గొట్టాలు నిలబెట్టి దేనిలో ఎంత నీరు పడిందో చూసేదాన్ని. నడిమి గొట్టం పొంగిపోతుంటే చివరి గొట్టం అడుగు మాత్రమే తడిసేది. అందరూ నాజిల్ రంధ్రాన్నే సానబడుతూ కూర్చున్నారు. నా అనుమానం దాని వెనకాల పైపు వంపు మీద. ఆ వంపులో నీరు సుడులు తిరుగుతూ వస్తోంది. తిరుగుతూ వచ్చినదాన్ని పాపం రంధ్రం ఏం సరిచేస్తుంది? ఇత్తడి రేకులను కూడిక గుర్తులా అతికించి, వంపు దాటాక పైపు లోపల బిగించాను. నీరు నాలుగు పాయలుగా చీలి తిన్నగా నడుస్తుందని ఆశ.

తెరిచి చూస్తే గొట్టాల్లో మట్టాలు దగ్గరపడ్డాయి. మోత కూడా తగ్గింది. ఆ కంకర చప్పుడంతా సుడులదేనని అప్పుడు తెలిసింది. నాజిల్ పూర్తిగా బాగుపడితే నేను అమ్మతో మాట్లాడే చోటు పోతుంది.

మేనేజరు వచ్చి చూసి, "బస్, గుడ్ ఇనఫ్, పంపించేద్దాం" అన్నాడు. ఊఁ అంటే చాలు, సగం మోత నాకు మిగిలేది. కానీ చివరి గొట్టం ఇంకా వెలితిగానే ఉంది. వార్డులో చివరి మంచాన్ని చూడకుండా వచ్చే నర్సుల మీద అమ్మ ఎలా మండిపడేదో నాకు తెలుసు. "ఇంకా కాలేదు సార్" అన్నాను, కాస్త దురుసుగానే.

రేకులు పొడుగు చేయించాను. నాజిల్ లోపలి అంచును నున్నగా గుండ్రం చేయించాను. బిగించి, చెయ్యెత్తాను. మొదట పైపులోని గాలి భళ్ళుమంటూ బయటికొచ్చింది. అలవాటు కొద్దీ నేనూ గొంతెత్తాను. అంతలో మోత చల్లారి, వాన జల్లు పాటి చప్పుడే మిగిలింది. "ఇక రేపటి నుంచి నీకెక్కడ చెప్పుకోనే అమ్మా!" అన్న నా కేక గదంతా మోగింది.

సిగ్గుతో చచ్చిపోయాను, వెంటనే కోపమూ వచ్చింది. గొట్టాల్లో నీళ్ళు ఒకే మట్టంలో నిలిచాయి. వాటిని చూసి సంతోషించడానికి నాకు మనసు రాలేదు. వాల్వు దగ్గరి పెద్దాయన నా వైపు తిరిగాడు. "రోజ్ బోల్తీ థీ, బేటీ. ఆజ్ సునాయీ దియా" అన్నాడు. రోజూ ఏదో చెప్తూనే ఉండేదాన్నట, ఇవాళ వినిపించిందట. ఇన్నాళ్ళూ నా పెదాలు కదలడం చూస్తూనే ఉన్నాడన్నమాట. తనకు ఒక్క ముక్క అర్థం కాలేదని, అయినా మొదలుపెట్టింది పూర్తి చెయ్యమని హిందీలో అన్నాడు.

చేశాను. ఆ సన్నటి చప్పుడులో, మామూలు గొంతుతో, ఆ రోజంతా చెప్పాను. చివరి గొట్టం కూడా నిండిందని చెప్పాను. నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదని చెప్పాను. ఆయన వాల్వు మీద చెయ్యి వేసుకుని తలాడిస్తూ విన్నాడు. నేను ఆగాక వాల్వు మూశాడు.

"ఠీక్ హై, బేటీ. సున్ లియా. అబ్ ఘర్ జావో."

విన్నాడట, ఇక ఇంటికి పొమ్మన్నాడు. ఆ "ఠీక్ హై"కి అమ్మయితే మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేది. నేను సంచీ భుజాన వేసుకుని గుమ్మం దాటాను.