బాతుల ఫోటోకు ఎడమవైపు

ఆ ఫోటోను ఎడమవైపు ఎందుకు కత్తిరించానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, అది తీసిన రోజు పేజీలో మంచు పడిందని, ఏయే పక్షులు కనిపించాయని మాత్రమే రాసుకున్నాను. ఇప్పుడు చెబితే ఎవరికీ నష్టం లేదు కాబట్టి రాస్తున్నాను.

కోదాడలో ఒక విత్తనాల దుకాణంలో బిల్లులు కొట్టడం నా ఉద్యోగం. రైతు పేరు, ఊరు, కావలసిన రకం అడిగితే సరిపోతుంది, అంతకుమించి మాట్లాడే పని లేదు. అది నాకు బాగానే ఉంది. ఆదివారం తెల్లవారకముందే స్కూటీ తీసి, మునగాల దాటాక హైవే దిగి, ఒక పెద్ద చెరువు దగ్గరికి పోతాను. మిర్యాలగూడలో పెళ్లిళ్ల ఫోటోలు తీసే ఒకాయన కొత్త కెమెరా కొనుక్కుని పాతది నాకు అమ్మాడు. దాని బెల్టుకు ఎవరి పెళ్లిలోనో అంటిన పసుపు ఇంకా పోలేదు.

ఆ చెరువు పక్షులకు రక్షిత ప్రాంతమని కిందటేడాది బోర్డు పెట్టారు. చుట్టూ కొలిచి, తలకు పసుపు రంగు పూసిన హద్దురాళ్లు పాతారు. యాసంగిలో నీళ్లు వెనక్కి తగ్గితే బయటపడే తడి నేలను ఇక్కడ శిఖం అంటారు. దాంట్లో వరి నాటుకోవడం చాలామందికి పాత అలవాటు. ఇకమీదట రాళ్ల లోపల నాటితే, పంట మీదనే ట్రాక్టర్ తోలిస్తామని మైకులో చెప్పి వెళ్లారు.

బోర్డు పెట్టిన రోజు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఏటేటా గట్లు నీళ్ల వైపు జరగడం, మందు కొట్టిన మడుల దగ్గర పక్షులు వాలకపోవడం నా కళ్లతో చూశాను.

నేను కూర్చునే చోటు కట్టకు దూరంగా, జమ్ముగడ్డి చాటున, చెరువు వంపు తిరిగే దగ్గర. కట్ట మీద నిలబడితే ఆ వంపు కనిపించదు. రాయి దాటి నీళ్ల వైపు ఒక మడి పచ్చగా నాటి ఉండడం అక్కడే చూశాను. ఆ మడి చేసే ఆమెనూ అక్కడే చూశాను. వయసులో మా అమ్మకన్నా పెద్దది.

మోకాళ్ల మీద కూర్చుని కెమెరా పట్టుకున్న నన్ను ఆమె సర్వే మేడమ్ అనుకుంది. ఏ ఆఫీసు మీది, ఏం కొలుస్తున్నరు అని అడిగింది. కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. నా మౌనాన్ని ఆమె ఆఫీసర్ల మౌనమే అనుకుంది. దోసిటి నిండా రేగుపండ్లు తెచ్చి నా సంచి మీద పోసి వెళ్లింది. మరుసటి ఆదివారానికి నీళ్లలో ఉండే మోటారు పైపు మాయమైంది. బర్రెలు కడుగుతున్న ఇద్దరు నన్ను చూసి, కడగడం సగంలో ఆపి తోలుకుపోయారు.

ఆ పై వారం ధైర్యం చేసి కెమెరా తెర ఆమెకు చూపించాను. రెక్కలారబెట్టుకునే నీటికాకులు, నత్తగుల్ల కొంగలు. ఆమె పక్షిని చూడలేదు. ప్రతి ఫోటోలో పక్షి వెనక తన మడి ఉందా అని వెతికింది. లేదని తేలాక నవ్వింది.

"గింత పొడుగు గొట్టం వెట్టి కొంగలను తీస్తున్నవా? ఇంట్ల పనేం లేదా బిడ్డా నీకు?"

ఆ రోజు నుంచి మేడమ్ పోయి బిడ్డనయ్యాను. నేను పెద్దమ్మా అన్నాను.

ఆ మడి మామగారి కాలం నుంచి వాళ్లే చేస్తున్నారట. కాగితం లేదు. భర్త హుజూర్‌నగర్‌లో ఆటో నడుపుతాడు. ఇంట్లో తినే బియ్యం ఏడాదంతా ఆ మడివే. కొలిచినవాళ్లు వెళ్లిపోయాక, నీళ్లు తగ్గగానే నాటేసింది. ఈ ఒక్క పంట చేతికొస్తే చాలు, తర్వాత సర్కారు ఇష్టమని చెప్పింది. అందరికీ ఇలాగే ఒక్క పంట కావాలంటే చెరువు ఏమవుతుందని నాకు తోచింది కానీ అనలేదు.

ఆమెకు శత్రువులు బాతులు. తల మీద రెండు నల్లపట్టెలుండే పెద్ద బాతులు. చలికాలంలో హిమాలయాల మీదుగా వస్తాయని పుస్తకంలో చదివాను. తెల్లవారుజామున గుంపుగా దిగి లేత నాటు కొరుకుతాయి. వాటి కోసమే నేను వారమంతా ఎదురుచూసేదాన్ని. వాటిని తరమడానికి ఆమె స్టీలు పళ్లెం, గంటె పట్టుకుని కాచుకునేది. కాసేపు ఆగమని బతిమాలితే, "నీ ఫోటో అయ్యేలోపు నా నాటు ఖతమైతది" అనేది.

ఒక ఉదయం బాతులు ఇంకా నీళ్ల అంచునే ఉన్నాయి. ఎండ అప్పుడే పడుతోంది. ఆమె పళ్లెం మోగించింది. గుంపంతా ఒక్కసారి లేచింది, నేను నొక్కాను. తెరిచిన రెక్కలు, కాళ్ల నుంచి జారుతున్న నీళ్లు. ఎడమవైపున పళ్లెం ఎత్తి, నోరు తెరిచి ఆమె. ఆమె కాళ్ల దగ్గర పచ్చటి మడి, మడికి ఇవతల పసుపు తల రాయి. మడి రాయికి ఏ వైపు ఉందో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. అంతకన్నా మంచి ఫోటో నేను తియ్యలేదు. ఆమె చాలాసేపు చూసుకుని, నోరు ఎట్ల తెరిచిందో చూడమని తనే నవ్వింది.

ఫిబ్రవరిలో, చెరువు పక్క హైస్కూలు వరండాలో పక్షుల ఫోటోలు పెడతాం, ఉన్నవాళ్లు ఇవ్వమని కబురు వచ్చింది. సూర్యాపేట నుంచి ఆఫీసర్లు వస్తారన్నారు. వేరే ఫోటో ఇవ్వొచ్చు. కానీ ఆ బాతులను నలుగురికీ చూపించాలన్న ఆశ నాకు గట్టిగా ఉంది. మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఎడమవైపు కత్తిరించాను. రాయి పోయింది, మడి పోయింది, ఆమె పోయింది. బాతులు మిగిలాయి.

బాతుల ఫోటో ఇస్తున్నానని ఆమెకు చెప్పాను కానీ, కత్తిరించిన సంగతి కూడా చెప్పాల్సిందని స్కూల్లో ఆమెను చూశాకే తట్టింది. పెళ్లిళ్లకు కట్టే జరీ అంచు చీర కట్టుకుని, తోడికోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. తన ఫోటో పెడుతున్నారని వాడంతా చెప్పుకుందట. నేరుగా బాతుల దగ్గరికి పోయి నిలబడింది. వేలితో ఎడమ అంచు దాకా వెతికింది.

"యాడున్నవే? గిండ్ల ఏ బాతువు నువ్వు?" అంది తోడికోడలు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నేను స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. అప్పుడే ఒక ఆఫీసర్ వచ్చి, ఫోటో చాలా బాగుందని, చెరువుకు ఏ వైపు నుంచి తీశానని నన్ను అడిగాడు. ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటో అంచును చూసింది.

"గిది మన చెరువు గాదేమో సారూ," అంది.

ఆయన తల ఊపి పక్క ఫోటోకు వెళ్లాడు. ఆమె నా ముందు నుంచి పోతూ, కోతలైనంక ఇంకోటి తియ్యి, అప్పుడు మళ్ల గీ చీరనే కట్టుకుంట అని మెల్లగా చెప్పింది.

కోతల నాటికి బాతులు వెళ్లిపోయాయి. మెత్తటి నేలలోకి మిషన్ దిగదని ఇంటివాళ్లే కొడవళ్లతో కోశారు. వడ్లు ఆటోలో రెండు మూడు ట్రిప్పులుగా ఇంటికి చేరాయి. అది అయ్యాకే ఆ మడి సంగతి ఆఫీసుకు తెలిసింది. రాళ్ల వెంట కందకం తవ్వుతామన్నారు. ఆమె పెద్దగా కొట్లాడలేదు, తిండిగింజలైతే వచ్చినయి కదా అందట.

ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి కందకం తవ్వే మిషన్ అప్పటికే కట్ట మీద నిలబడి ఉంది. ఆమె జరీ అంచు చీరలో, పళ్లెం పట్టుకుని వచ్చింది. ఆ రోజు తర్వాత నాకు ఆమె కనిపించలేదు. ఆ రోజు తీసిన ఫోటో ప్రింటును ఆమె భర్త ఆటోలో పంపాను.

కోసిన మడి మధ్యలో నిలబడి ఆమె పళ్లెం పైకెత్తింది. రాయి పడకుండా నేను అలవాటుగా కుడివైపుకు జరిగాను. అది చూసి పళ్లెం దించేసింది.

"రాయిని గూడ పడనియ్యి బిడ్డా. నేను యాడ నిలవడ్డనో తెల్వాలె గద."