వెనక్కి తిప్పొద్దన్న మావయ్య

పొద్దున్నే విమానాలుంచే హ్యాంగర్ తలుపు తీయగానే ఇంజనాయిలు వాసన గుప్పుమంటుంది. అది ముక్కుకు తగిలిందంటే చాలు, అంతర్వేదిలో మా పక్కింటి నరసింహం మావయ్య గుర్తొస్తాడు. చుట్టరికమేమీ లేదు, మా నాన్నతో కలిసి చేపలవేటకు వెళ్ళే బోటు డ్రైవరు. నాకు విమానం నడపడం నేర్పింది ట్రైనింగ్ స్కూలే కావచ్చు గానీ, నన్ను బతికించింది మాత్రం ఆయనే.

పదో తరగతి సెలవుల్లో పోరుపెట్టి ఆయన బోటెక్కాను. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, సరిగ్గా కెరటాలు విరిగేచోట, ఇంజను ఆగిపోయింది. ముచ్చటపడ్డానని చుక్కాని అప్పటికే నా చేతికిచ్చి ఉన్నాడు. ఒడ్డు వెనకే కనిపిస్తోంది కదా అని నేను బోటును అటు తిప్పబోయాను. మావయ్య నా చెయ్యి ఒడిసిపట్టుకున్నాడు.

"తిప్పకే! అడ్డం తిరిగిందంటే కెరటం బోల్తా కొట్టేత్తది. ఎనకున్న ఒడ్డు మనది కాదు. ముందేవుందో అది చూడు."

తెడ్డుతో బోటు ముక్కును కెరటాలకు ఎదురు నిలిపి, లంగరు దించాడు. ఆ తర్వాతే తాపీగా ఇంజను మూత తీశాడు. నేను ఏడుపు లంకించుకున్నాను.

"ఏడవడానికి ఒడ్డుకెళ్ళేక బోల్డు టైముందిలే," అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

పోయినేడు, నేను పాఠాలు చెప్పే ఫ్లయింగ్ స్కూల్లో కొత్తగా చేరిన శిష్యురాలితో చిన్న విమానంలో టేకాఫ్ అయ్యాను. మూడు వందల అడుగులు లేచామో లేదో, ఇంజను దగ్గి ఆగిపోయింది.

"రన్‌వే వెనకే ఉంది మేడమ్!" అంటూ ఆ పిల్ల తిప్పబోయింది. ఆ ఎత్తులో వెనక్కి మళ్ళితే వేగం చచ్చి విమానం రాయిలా పడుతుంది. ఆ పాఠం చెప్పింది నేనే. అయినా, నిజం చెప్పొద్దూ, నా చెయ్యి కూడా అటే లాగింది! మావయ్య పట్టు అప్పుడు గుర్తొచ్చింది. ముక్కు దించి, ఎదురుగా ఉన్న కోసిన వరిచేలో దించేశాను. గట్టు తగిలి చక్రం విరిగింది, రెక్క వంగింది. ఇద్దరం మా కాళ్ళమీద మేం నడిచి బయటికొచ్చాం.

సాయంత్రం మావయ్యకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"నేను తిప్పేనమ్మా," అన్నాడు.

"ఏంటి మావయ్యా?"

"బోటు. పెళ్ళికి ముందు, అదే మొగలో. ఒడ్డు కనపడతందని తిప్పేసేను. నేను ఈదుకొచ్చేను. మా తమ్ముడు రాలేదు."

ఆయనకొక తమ్ముడున్నాడనే నాకు తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఆయన పేరేంటి మావయ్యా?"

"సత్తియ్య." ఆ వెంటనే, "ఆ పిల్ల ఏం చేత్తంది?" అని అడిగాడు.

"ఇక విమానం ఎక్కనంటోంది."

"ఎక్కించు. మా అమ్మ నన్ను మళ్ళీ బోటెక్కించింది. లేపోతే నీకెవరు చెప్పేవోరు?"

ఇప్పుడు ఇంజను ఆగిపోయే పాఠం మొదలుపెట్టేముందు, పిల్లలందరికీ సత్తియ్య పేరు చెబుతాను. మొట్టమొదట విన్నది, వారం తిరక్కుండా మళ్ళీ ఎగరడానికొచ్చిన ఆ అమ్మాయే.