అన్నం అడిగిన పిల్లకి బ్రెడ్డు పెట్టాం

మా చిన్నప్పుడు... ఇంట్లోకి బ్రెడ్డు వచ్చిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఖరగ్‌పూర్ నిమ్‌పురా రైల్వే క్వార్టర్లలో మా తెలుగువాళ్ళందరి ఇళ్ళలోనూ అదే పద్ధతి. అన్నం బరువు, బ్రెడ్డు తేలిక. జ్వరమొచ్చినా, విరేచనాలైనా ముందు అన్నం బంద్... వేడిపాలలో పంచదార వేసి నానబెట్టిన బ్రెడ్డు ముక్కలే పథ్యం.

పొద్దున్నే సైకిల్ మీద రేకుపెట్టె కట్టుకుని ఓ బెంగాలీ దాదా బ్రెడ్డు అమ్మడానికి వచ్చేవాడు. "పావురుటీ..." అని కేక వినపడగానే నాకు నోరూరేది. ఏం లాభం? నాకు జ్వరం వస్తేగా! గుండ్రాయిలా ఉండేదాన్ని.

ఆ యోగమంతా మా చెల్లి గౌరిదే. నాలుగేళ్ళ పిల్ల. పుల్లల్లాంటి చేతులు, ముందుకొచ్చిన పొట్ట. ఎప్పుడు చూసినా విరేచనాలే. కాస్త తగ్గితే రాత్రిపూట మాతోపాటు రొట్టె తినేది. మళ్ళీ మొదలు... మళ్ళీ అన్నం బంద్, మళ్ళీ పాలబ్రెడ్డు.

అదేమో బ్రెడ్డు వంక చూసేది కాదు. "అమ్మా, అన్నం ఎట్టవే..." అని అమ్మ కుచ్చెళ్ళు పట్టుకుని ఏడ్చేది.

"వద్దే నా తల్లి, అన్నం తింటే ఇంకా ఎక్కువైపోద్ది. ఈ రెండు ముక్కలూ తినీయమ్మా..." అని బతిమాలి, బుజ్జగించి, ఒక్కోసారి ముక్కు మూసి మరీ తినిపించేది అమ్మ. తర్వాత వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది.

ఓ మధ్యాహ్నం అమ్మ పెరట్లో బట్టలారేస్తుంటే నేనూ గౌరీ కంచాలు మార్చుకున్నాం. నాకు దాని పాలబ్రెడ్డు, దానికి నా పప్పన్నం. చెల్లి మీద ప్రేమా దోమా ఏం కాదండోయ్... నాకు బ్రెడ్డు కావాలి, అంతే! అది మెతుకు మిగల్చకుండా తిని కంచం నాకింది. సరిగ్గా అప్పుడే అమ్మ లోపలికొచ్చింది. విసనకర్ర తిరగేసి నా వీపు విమానం మోత మోగించింది.

"దాన్ని సంపేత్తావేటే!" అని అరిచింది.

ఇక వైద్యాలంటారా... దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, డాక్టర్లని మార్చారు. దేనికీ లొంగలేదు.

వేసవి సెలవుల్లో శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరెళ్ళాం. అక్కడ బ్రెడ్డు దొరకదు, రొట్టెల అలవాటు అసలే లేదు. పొద్దున చోడి అంబలి, అదే రాగి అంబలి, ఆపైన పూటపూటకీ గంజీ అన్నమూ. సెలవులయ్యేసరికి గౌరికి బుగ్గలొచ్చాయి! వీధిలో పరుగులు పెట్టింది.

"సూసినావా, మీ ఊరి నీళ్ళేనే దీనికి పడ్డం నేదు" అని తేల్చేసింది అమ్మమ్మ. అందరికీ అదే నిజమనిపించింది.

నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. తిరిగొచ్చాక రోజూ డ్యూటీ దిగి, సుభాష్‌పల్లిలో బోరింగు నీళ్ళు మంచివని ఎవరో చెబితే సైకిల్‌కి డబ్బాలు కట్టుకుని తెచ్చేవాడు. అమ్మ వాటిని మరగబెట్టి, గుడ్డలో వడకట్టి దాచేది. ఆ నీళ్ళు గౌరికి ఒక్కదానికే. పాపం, ఆ నీళ్ళతోనే గోధుమపిండి కలిపి దానికి విడిగా రొట్టె చేసేది...

వానాకాలానికి గౌరి మంచం దిగలేని స్థితికొచ్చింది. "పిల్ల దక్కదేమో" అని పక్కింటివాళ్ళు గుసగుసగా అనుకోవడం నా చెవిన పడింది. నేను పెట్టిన పప్పన్నం వల్లే ఇలా అయిందేమోనని హడలిపోయాను.

ఆఖరికి కలకత్తా తీసుకెళ్ళారు. నన్నెవరి దగ్గరా వదల్లేక నన్నూ వెంటపెట్టుకెళ్ళారు. నోట్లోంచి గొట్టం వేసి పరీక్ష చేశాక డాక్టరుగారు హిందీలో నిదానంగా చెప్పారు. గోధుమ ఈ పాప పేగులకి పడదు. బ్రెడ్డు, రొట్టె, సేమ్యా, బిస్కట్టు... జన్మలో ముట్టకూడదు. అన్నం మాత్రం ఎంత కావాలంటే అంత పెట్టండి.

"ఠీక్ హై సాబ్, ఠీక్ హై..." అంటూ నాన్న సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

నాన్న ఆ మాటలు తెలుగులో చెప్పగానే అమ్మ గబుక్కున లేచింది. డాక్టరుగారి వైపు తిరిగి తెలుగులోనే అడిగేసింది. "బాబూ, వీళ్ళిద్దరి కంటే ముందు నాకో పిల్ల పుట్టినాది. అదీ ఇలాగే ఎండిపోయి పోయినాది. దానికీ నా సేత్తో బ్రెడ్డే ఎట్టినాను. దానికీ ఇదేనా?"

నాకో అక్క ఉండేదని నేను విన్నది అప్పుడే.

"క్యా బోల్ రహీ హై?" అని, అమ్మ ఏమంటోందో చెప్పమని డాక్టరుగారు నాన్నని అడిగారు. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "కుఛ్ నహీ సాబ్" అన్నాడు, ఏమీ లేదని.

గౌరి బతికింది. ఇప్పుడు మూడుపూటలా అన్నం తింటూ నన్నే దబాయిస్తుంది. మొన్న గోల్‌బజార్‌లో గోధుమ లేని బ్రెడ్డు ప్యాకెట్టు కనపడితే చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పటి పిల్లలకైతే ఓ రక్తపరీక్షతో చాలావరకు తెలిసిపోతోంది.

నా ఫోన్‌లో ఏ వీడియోలోనైనా ఈ జబ్బు గురించి మాట్లాడుతుంటే అమ్మ నా పక్కకొచ్చి కూర్చుంటుంది. "అక్కకీ అదేనంటావేటే?" అని అడుగుతుంది. "కాదమ్మా, దానిది వేరే జబ్బు" అంటాను. నాకేం తెలుసు? నాన్న ఆ మాట అడగలేకపోయాడు... ఇప్పుడిక అడగడానికి ఎవరున్నారు?

ఆ రోజుల్లో ఏది తిన్నా ఒంటికి పట్టక, ఏ జబ్బో తెలియక వెళ్ళిపోయిన పిల్లలు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటారు. ఫోటోలు ఉండవు, ఇంట్లో ఎవరూ తలుచుకోరు. కనీసం వాళ్ళ పేర్లయినా కింద రాయండి...

మా అక్క పేరు నాగమణి.