దొర డైరీకి నేను కోసిన అంచులు

పుస్తకాన్ని పాడుచేసింది నేను. ఆ తప్పు చెదల మీదికి తోసి, పదమూడేళ్లు నోరు మెదపలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతే.

2011 వేసవి. మార్కాపురంలో బస్టాండు దగ్గరి సందులో, నాయన పెట్టిన బైండింగ్ దుకాణం అప్పటికే పూర్తిగా నా చేతికి వచ్చింది. ఆఫీసు రిజిస్టర్లు, బడి హాజరు పుస్తకాలు, వకీళ్ల లావుపాటి గ్రంథాలు, ఇవే మా పని. ఒకరోజు కొమరోలు దగ్గరి పల్లె నుంచి దీనమ్మ అనే రిటైరైన టీచరు వచ్చారు. పాత చీరముక్కలో చుట్టిన మూట బల్లమీద పెట్టి విప్పారు. లోపల కుట్టు తెగి పుటలు విడిపోయిన డైరీ. నూట ముప్పై ఏళ్ల కిందట ఆ పల్లెల్లో పనిచేసిన ఇంగ్లీషు పాదిరీ రాసుకున్నది. ఆంగ్లికన్ సంఘం తరఫున వచ్చిన ఆయన్ని ఆ ఊళ్లో ఇప్పటికీ దొర అనే అంటారు. డైరీ వాళ్ల చర్చి బీరువాలో అడుగున దొరికిందట.

"ఎట్లాటి మనిషక్కా ఆ దొర?" అని ఊరికే అడిగాను.

"మొండోడు," అని నవ్వారు. "కరువులో గింజలు పంచినాడంట. గింజలిస్తే మతంలోకి వస్తామంటే మాత్రం ఒప్పుకోలేదంట. ముందు కడుపు నిండనీండి, తర్వాత మాట్లాడుకుందాం అన్నాడంట. బళ్లో ఊరి బయటి మా గేరి పిల్లల్ని అందరి పక్కన ఒకే చాప మీద కూర్చోబెట్టినాడని ఆయన పైదొరలే కోప్పడినారు. ఈయనేం చేసినాడు? చాప చుట్టేసి అందర్నీ నేల మీద కూర్చోబెట్టినాడు!"

ఆమె అసలు కోరిక వేరే ఉంది. ఆ బడిలో మొదట అక్షరాలు దిద్దించింది ఆమె అవ్వ వాళ్లమ్మ, ఓబులమ్మ. దొర ఆమె పేరు తన పుస్తకంలో రాసుకున్నాడని అవ్వ చెప్పేదట.

"ఊళ్లో ఎవురూ నమ్మరు తమ్ముడూ. మా అవ్వ కత అల్లిందంటారు. వచ్చే నెల నా కంటికి ఆపరేషను. అద్దాలు వచ్చినాక నిదానంగా చదువుతా. నువ్వు మటుకు పుటలు ఊడిపోకుండా కుట్టియ్యి, చాలు."

మా పనిలో పుస్తకం కుట్టాక మూడు వైపులా అంచులు సమంగా కోస్తాం. దాన్ని కటింగ్ అంటాం. అచ్చు పుస్తకానికి అది అందం. చేతిరాత పుస్తకానికి మాత్రం నాయన ఎన్నడూ కటింగ్ చేయలేదు. "రాసినోడు యాడ ఏం రాసుకున్నాడో మనకేం తెలుసురా, కత్తి పెట్టొద్దు," అనేవాడు. నాకు ఆ మాట గుర్తుంది. కానీ టీచరమ్మ చర్చిలో పదిమందికీ చూపించే పుస్తకం, నా పనితనం కనపడాలి అనుకున్నాను. చిరుగులు పడ్డ అంచులతో ఇస్తే నామర్దా అనిపించింది. డైరీని మెషీన్‌లో బిగించి చక్రం తిప్పాను.

కిందపడిన పీలికలు ఊడుస్తుంటే వాటి మీద తెలుగక్షరాలు కనిపించాయి. దొర పుట మధ్యలో ఇంగ్లీషు రాసి, బయటి అంచున చీమల్లాంటి తెలుగులో ఏవో పేర్లు రాసుకున్నాడు. ఆ క్షణంలోనే పీలికలన్నీ కవర్లో పెట్టి ఆమెకు చెప్పి ఉంటే సరిపోయేది. నేను వాటిని మిగతా తుక్కు పీలికల పెట్టెలో పడేసి మూత పెట్టాను.

ఆమె కొత్త కళ్లద్దాలతో వచ్చి అక్కడే బల్లమీద పుటలు తిప్పారు.

"ఇదేంది తమ్ముడూ, అక్కడక్కడా మాట పక్కన చిన్న కొక్కెం గుర్తు పెట్టినాడు. ఇక్కడ చూడు, 'ఇసుకలో అక్షరాలు దిద్దించే స్త్రీ' అని ఇంగ్లీషులో ఉంది, పక్కన కొక్కెం. గుర్తుంది గానీ మనిషి పేరు లేదే?"

"ఏమో అక్కా."

"ముందు అంచు ఇంకొంచెం వెడల్పుగా ఉండె గదా?"

"చెదలు తిన్నాయక్కా. తిన్న మేరకు తీసేసినా."

ఆమె అంచు మీద వేలు రాసి చూశారు. "మంచి చెదలే. స్కేలు పెట్టి తిన్నట్టుండాయి," అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత ఆ పల్లె నుంచి రిజిస్టర్లు తెచ్చిన ఒకతను మాటల్లో చెప్పాడు. చర్చిలో డైరీ చదివించారట. ఓబులమ్మ పేరు ఎక్కడా లేదట. "టీచరమ్మా, మీ అవ్వ కతలు బాగా చెప్పేది గదా," అని అందరూ నవ్వారట. కొత్తగా కట్టిన బడిగదికి దొర పేరు ఒక్కటే రాయించారట. నేను రిజిస్టర్లు తీసుకున్నాను. ఎన్నో లెక్కపెట్టి చీటీ రాసిచ్చాను.

పోయిన సంవత్సరం ఆ డైరీ మళ్లీ నా దుకాణానికి వచ్చింది. కుట్టు ఉండే వెనకవైపు, మేం వీపు అంటాం, ఊడింది. ఈసారి టీచరమ్మ కర్ర పట్టుకుని వచ్చి, "నీ చేతి పనే, నువ్వే బాగుచెయ్యి," అని ఇచ్చి వెళ్లిపోయారు.

పుస్తకం వీపు గట్టిగా ఉండాలని అట్ట లోపల నాలుగైదు పొరల కాగితం అంటిస్తాం. దానికి మంచి కాగితం వృథా చేయం, పెట్టెలోని పీలికలే వాడతాం. వీపు విప్పి చూస్తే లోపలి పొరలు చేతితో చేసిన పాత కాగితం, దాని మీద అవే చీమల్లాంటి తెలుగక్షరాలు. ఆమె పుస్తకం నుంచి కోసిన పీలికల్నే ఆమె పుస్తకం వీపుకు అంటించాను! ఏ పీలికలో చూసుకోకుండా ఆ రోజు చేతికందినవి వాడేశాను.

అదృష్టం, నేను నాయన పద్ధతిలో మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపిన జిగురే వాడేవాణ్ణి. అది తడికి వదులుతుంది. తడిగుడ్డ కప్పి, ఒక్కో పొరనూ మొద్దు కత్తితో లేపాను. రెండు రోజులు పట్టింది. ఆ కాలపు సిరా చెదరలేదు. పదకొండు పేర్లు దొరికాయి. తక్కిన పీలికలు ఆ నెలలో కట్టిన ఏయే రిజిస్టర్ల వీపుల్లోకి పోయాయో తెలియదు. అవి ఇక రావు.

ప్రతి పేరు ముందూ ఒక కొక్కెం ఉంది. ఇంగ్లీషులో పేర్లు సరిగా పలకవనేమో, దొర పుటలో గుర్తు పెట్టి అంచున మనిషి పేరు తెలుగులో రాసుకున్నాడు. మూడో పొరలోని పీలికను ఇసుకలో అక్షరాల పుట పక్కన పెట్టాను. పుటలో కొక్కెం నుంచి అంచు వైపు గీసి, నా కత్తికి సగానికి తెగిన గీత పీలిక మీది గీతతో కలిసింది. "ఓబులమ్మ. నాకన్న బాగుగా చెప్పును."

మర్నాడు పీలికలు అద్దం పటంలో పెట్టుకుని, డైరీతో పాటు గిద్దలూరు మీదుగా బస్సులో పోయాను. టీచరమ్మ పటం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చదివారు. అప్పుడు చెప్పాను, చెదలు కాదని. ఆమె ముఖం ఎర్రబడింది.

"పదమూడేండ్లు! మా అవ్వను నవ్వులపాలు చేసినావు గదరా. నాకు చెప్తే ఏం లాభం? ఆదివారం చర్చికి రా. నవ్వినోళ్లందరూ ఆడే ఉంటారు."

గడప దాటబోతుంటే మళ్లీ పిలిచారు. "మజ్జిగ తాగి పో. ఎండ ఎక్కువుండాది."

ఇప్పుడు చేతిరాత ఏది వచ్చినా నాయన మాటే పాటిస్తున్నాను. ఏ పుస్తకమైనా కత్తి కింద పెట్టే ముందు ప్రతి పుట అంచూ తిప్పి చూస్తాను. చెయ్యి జారితే ఆ రోజే చెబుతాను. తప్పు ఒప్పుకుంటే గిరాకీ పోతుందని భయపడిన నేను, దాచిపెట్టి ఒక చనిపోయిన మనిషి మాటను పోగొట్టాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. టీచరమ్మ ఆయనకు పటం ముందే చూపించినట్టున్నారు. బడిగది గోడ మీద దొర పేరు పక్కన ఇంకో పేరు రాయడానికి పెయింటరు అప్పటికే బయట నిచ్చెన వేసుకుని ఉన్నాడు. ముందు వరసలో కూర్చున్న టీచరమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు చెప్పాను.

"డైరీ అంచులు చెదలు తినలేదు, నేను కోసినాను. కోసి దాచిపెట్టినాను. మీ అవ్వ అబద్ధం చెప్పలేదక్కా, చెప్పింది నేను. ఆమెనూ, మిమ్మల్నీ క్షమించమని అడుగుతున్నా."