జీవాలు మేసిన చేను

మూడేళ్ళు నేను అనంతపురంలో ఒక ప్రైవేటు ఆఫీసులో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. పంట ఎండిన రైతులు ఫోన్ చేస్తే వివరాలడిగి కంప్యూటర్‌లో ఎక్కించడం పని. ఆ పేర్లే జాబితాగా వ్యవసాయ శాఖకు పోతాయి. జాబితాలో ఉన్న చేనుకే అధికారులు వచ్చి చూస్తారు, వాళ్ళకే పరిహారం. పోయినేడు ఆ ఫోన్లు ఏఐ ఏజెంటుకు అప్పజెప్పి, అందరినీ ఇంటికి పంపించారు. తెలుగు బాగా రాస్తానని నన్నొక్కదాన్ని ఉంచుకున్నారు. దాని చేతికిచ్చిన పనిముట్లలో ఏ టూల్ ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో ఏజెంటు కోసం డాక్యుమెంటు రాయాలి. నాతో ఒకే డబ్బాలో అన్నం తిన్న అమ్మాయిలు ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. వాళ్ళను తప్పుపట్టను.

ఆ రాత వేరే. మనిషికైతే ‘కాస్త చూసుకో’ అంటే చాలు. ఏజెంటుకు చూసుకోవడం రాదు. రాసింది చేస్తుంది, రాయనిది చేయదు. ‘చేయవచ్చు’, ‘బహుశా’ లాంటివన్నీ కొట్టేశాను. మొదటి వాక్యం, ఎవరితోనైనా మర్యాదగా మాట్లాడాలని. పంట స్థితి నమోదు చేసే టూల్ దగ్గర ఇలా రాశాను: ‘పొలంలో పంట ఉందా అని అడుగు. లేదంటే కోత అయినట్టు నమోదు చేసి ఫిర్యాదు ముగించు.’ ఒకే రైతు పదిసార్లు ఫోన్ చేస్తే పది ఫిర్యాదులు పుడుతున్నాయని ఇంకోటి చేర్చాను: ‘ముగిసిన ఫిర్యాదును తెరవకు. ఆ పొలానికి ఈ సీజన్‌లో కొత్తది తీసుకోకు.’ మా సారు చదివి, ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదన్నాడు. నాకు పొగరెక్కింది, అబద్ధమెందుకు.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఆ ఏడు మా నాయన వేసిన శనక్కాయ ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే వేళకు వాన మొహం చాటేసింది. కాయ పట్టని చెట్టును కూలీలను పెట్టి పీకించడం దండగ. మా వైపు అలాంటి చేలో జీవాలను తోలేస్తారు. గొర్రెలన్నా కడుపు నింపుకుంటాయి, చేనుకు ఎరువన్నా దక్కుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. ఫోన్లు నేనే ఎత్తిన రోజుల్లో ఎవరైనా పంట లేదంటే, “జీవాలు తోలినారా నాయనా?” అని నోరు దానంతటదే అడిగేది. రాసేటప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు. తెలిసిన విషయం కదా, రాయాలని తోచలేదు.

ఆదివారం ఊరికి పోతే నాయనే చెప్పాడు.

“ఫోన్ చేసినా పాపా. చేన్లో పంట ఉందా అనింది. యాడుంది, ఏమీ లేదంటి. సరేనండీ, నమోదయిందండీ అని పెట్టేసింది. పేరెక్కిండాదేమో సూడు.”

ఎక్కలేదు. మర్నాడు ఆఫీసులో తెరిచి చూశాను: కోత పూర్తి, ఫిర్యాదు ముగిసింది. ఒక్క గింజ ఇంటికి రాని చేనుకు కోత పూర్తి! నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఏజెంటుది ఇసుమంత తప్పు లేదు, నేను చెప్పినట్టే చేసింది. తెరవమని సారును బతిమాలాను.

“తెరిచే దారి పెట్టలేదు కదమ్మా. వద్దని రాసింది నువ్వే” అన్నాడాయన. కోపంగా కూడా అనలేదు. జాబితా అప్పటికే శాఖకు వెళ్ళిపోయింది.

ఆ పూటే డాక్యుమెంటు దిద్దాను. ‘పంట లేదంటే ముందు ఇది అడుగు: ఎండిపోయిన పంటను జీవాలకు మేపారా?’ ఒక్క వరుస. ఇక మీద ఫోన్ చేసేవాళ్ళకు అది పనికొస్తుంది. నాయనకూ, ఆయనలాగే అప్పటికే ‘లేదు’ అని చెప్పినవాళ్ళకూ పనికిరాదు. వాళ్ళెంతమందో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

మళ్ళీ ఆదివారం నాయన అరుగు మీద కూర్చుని, నేను వద్దంటున్నా వినకుండా, స్పీకర్ పెట్టి ఆ నంబరుకే ఫోన్ చేశాడు. జీవాలు మేసినాయని, కోయలేదని, రెండుసార్లు విడమరిచి చెప్పాడు. అంతా విని ఏజెంటు, “క్షమించండి. మీ ఫిర్యాదు ముగిసింది. ఈ సీజన్‌లో ఆ పొలానికి కొత్త ఫిర్యాదు తీసుకోవడం కుదరదండీ” అంది.

నాయన ఫోన్ పక్కన పెట్టాడు.

“ఎంత మర్యాదగా సెప్తాదో సూడు పాపా. కసురుకొనుంటే నేనూ తిరిగి నాలుగు మాటలనుందును.”

అది రాసింది నేనేనని ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు.