జీగెన్ నుంచి గార్చింగ్‌కి దోశల పికప్

జర్మనీలో పాత డీజిల్ పికప్ కొనుక్కునే తెలుగు ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఉంటే ఈ ప్రయాణం వాళ్లకి పనికొస్తుంది.

మ్యూనిక్ పక్కనున్న గార్చింగ్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మధ్యాహ్నం పూట దోశల బండి పెట్టుకోవడానికి నాకు సోమవారం ఒక్కరోజు అవకాశం ఇచ్చారు. ఆ పూట సజావుగా గడిస్తే వారానికి రెండు రోజులు ఆ చోటు నాదే. తేడా వస్తే, నా వెనకే ఫలాఫెల్ శనగవడలు అమ్మే ఆయన కాచుకుని ఉన్నాడు. పెట్టిన షరతు ఒకటే, కరెంటు వాళ్లు ఇవ్వరు. బండి మాత్రం దాదాపు ఐదొందల కిలోమీటర్ల అవతల జీగెన్‌లో దొరికింది. వారపు సంతల్లో సాసేజీలు అమ్మిన ఓ పెద్దాయన వ్యాపారం మానేస్తూ పికప్‌ని అమ్మేశాడు. వెనక డబ్బాలో ఫ్రిజ్, గ్యాస్ పెనం, పొగ లాగే ఫ్యాను అన్నీ ఉన్నాయి. ఆయనకి సంతలో ప్లగ్గు ఉండేది, నాకు ఉండదు.

ఈ బండిని వెతికిపెట్టింది ఇమ్రాన్. హైదరాబాద్ టోలిచౌకి అబ్బాయి, జీగెన్‌లో చదువుకుని అక్కడే ఇంజనీరుగా స్థిరపడ్డాడు. కరెంటు సంగతి చెప్తే ఫోన్లో ఒక్కటే నవ్వు.

"పరేషాన్ గాకు అక్కా. ఒక్కోదానికి ఒక్కో స్విచ్చు పెడ్దాం, హై ఐడిల్ పెడ్దాం. బండి నిలబడున్నా ఇంజన్ జర తేజ్‌గ తిరుగుతది. బ్యాటరీ నిండుతనే ఉంటది."

శనివారం పొద్దున ఆరింటికి గార్చింగ్‌లో ఊబాన్ మెట్రో ఎక్కాను. మినప్పప్పు నానబెట్టడం, రుబ్బడం మా ఆయన సురేశ్‌కి అప్పజెప్పాను. మ్యూనిక్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ రైలు పట్టుకున్నాను. వెళ్లడానికే టికెట్, తిరిగి రావడం సొంత బండిలో! ఆ ఆనందంలో తెచ్చుకున్న పులిహోర సగం న్యూరెంబర్గ్ రాకముందే లాగించేశాను.

ఎదురు సీట్లో గుంటూరు వైపు కుటుంబం కూర్చుంది. మాటల్లో మాటగా నా పని తెలిసి ఆ ఇంటావిడ కళ్లు పెద్దవి చేసింది.

"అమ్మో, ఒక్కరే అంతదూరం తోలుకొస్తారా అండీ?"

"తోలుతా వదినా. వరంగల్ల బస్టాండు కాడ స్కూటీ నడిపినోళ్లకు ఆటోబాన్ ఒక లెక్కనా?"

వాళ్ల పాప మాత్రం ఆశగా అడిగింది, "ఐస్‌వాగెన్?" అని. ఐస్‌క్రీమ్ బండి కాదమ్మా, దోశల బండి అన్నాను. పాప మొహం తిప్పేసుకుని బొమ్మల్లో పడిపోయింది. నా మొదటి కస్టమర్ అలా చేజారింది.

రైలు ఆలస్యమై ఫ్రాంక్‌ఫర్ట్‌లో జీగెన్ వెళ్లే రైలు తప్పిపోయింది. మీరు వెళ్తే అక్కడ గంట చేతిలో ఉంచుకోండి. మిగిలిన పులిహోర బెంచీ మీద తిని తర్వాతి రైలెక్కితే, దారి పొడుగునా కొండలు, అడవులు, పొడుగుపేర్ల చిన్న స్టేషన్లు. జీగెన్‌లో దిగేసరికి రెండు దాటింది.

ఇమ్రాన్ నన్ను నేరుగా వర్క్‌షాపుకి తీసుకెళ్లాడు. గంటల లెక్కన చోటు, పనిముట్లు అద్దెకిచ్చి, మన బండిని మనల్నే బాగుచేసుకోనిచ్చే షెడ్డు అది. నడిపేది హైకే అనే యాభై ఏళ్ల ఆవిడ. సిగరెట్టు వెలిగించకుండానే నోట్లో పెట్టుకుని తిరుగుతుంటుంది.

ఇమ్రాన్ ముందే తెచ్చిపెట్టిన బండి తెల్లగా, బొద్దుగా ఉంది. చూడగానే నచ్చేసింది. స్విచ్చుల పెట్టె ఎక్కడ పెట్టాలన్న దగ్గర మా ఇద్దరికీ పేచీ వచ్చింది. స్టీరింగు పక్కనే అందంగా ఉంటుందని ఇమ్రాన్, పెనం దగ్గరే ఉండాలని నేను.

"దోశ తిప్పుకుంట తిప్పుకుంట ముందుకు ఉరుకుతనా? నీ అందం పాడుగాను!"

నా మాటే నెగ్గింది. బ్యాటరీ నుంచి లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజులు పెట్టి, ఫ్రిజ్, లైట్లు, ఫ్యాను, మిక్సీ నడిపే ఇన్వర్టరు, దేనికి దానికి స్విచ్చు బిగించాం. వైర్ల చివర్లు ఒలిచి నొక్కింది నేనే. వేళ్లు కమిలిపోయాయి, అయినా మహా సరదాగా ఉంది. స్విచ్చుల కింద తెలుగులో పేర్లు అంటించాను. హై ఐడిల్ బటన్ని మాత్రం ఇమ్రాన్ డ్రైవరు పక్కన పెట్టాడు. న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉంటేనే అది పనిచేస్తుంది.

ఏడున్నరకి ఇంజన్ ఆన్ చేసి అన్ని స్విచ్చులూ వేశాం. బ్యాటరీ మీటరులో అంకె పడిపోసాగింది. ఇమ్రాన్ బటన్ నొక్కాడు. ఇంజన్ గొంతు పెంచింది, అంకె మెల్లగా పైకొచ్చి నిలబడింది. ఇద్దరం ఎగిరి గంతేశాం. నేను వెంటనే సంచీలోంచి నిమ్మకాయలు తీసి చక్రాల కింద పెట్టాను.

హైకే వచ్చి నిమ్మకాయల్ని చూసింది, తర్వాత మీటరుని చూసింది. "అక్కడ ఎంతసేపు ఇలా నడుపుతావు?" అంది.

"భోజనాల టైమంతా, రెండున్నర గంటలు."

"నిలబెట్టిన బండికి ఇంజన్ ఆన్‌లోనా? ఇక్కడ కుదరదు. జరిమానా వేస్తారు. అంతకంటే ముందు ప్రొఫెసర్లు కిటికీల్లోంచి అరుస్తారు."

నేను, ఇమ్రాన్ మొహాలు చూసుకున్నాం. హైదరాబాద్‌లో ఏసీ కోసం కారు ఆన్‌లో పెట్టి షాపింగు చేసొచ్చే జనం మేము. ఇన్నాళ్లు జర్మనీలో ఉండి, వారంపాటు ఫోన్లలో చర్చించి, ఒక్కసారి కూడా ఆ ఆలోచన మాకు తట్టలేదు.

"ఇంకో బ్యాటరీ కొనుక్కో" అంది హైకే. అప్పటికే షాపులు మూస్తున్నారు. మర్నాడు ఆదివారం, జర్మనీ మొత్తం తలుపులు వేసుకుని పడుకునే రోజు. నాకు ఏడుపొచ్చింది. ఇమ్రాన్ భార్య సమీనా రాత్రి కమ్మటి ఖట్టీ దాల్ వడ్డించినా ముద్ద దిగలేదు.

ఆదివారం ఎనిమిదింటికి బయల్దేరాను. బండి హాయిగా పరిగెడుతోంది, నా బుర్ర దానికంటే వేగంగా పరిగెడుతోంది. కరెంటంతా మింగేసేది చట్నీ రుబ్బే ఆ మిక్సీ ఒక్కటే. మిగతావి ఇంజన్ లేకుండా ఎంతసేపు ఆగుతాయి? వుర్జ్‌బర్గ్ దాటాక విశ్రాంతి స్థలంలో బండి ఆపేసి, ఇంజన్ ఆపేసి, మిక్సీ తప్ప అన్నీ ఆన్ చేశాను. సురేశ్‌కి ఫోన్ చేస్తే కంగారుపడ్డాడు.

"నడి తొవ్వల టెస్టు ఏంది? మళ్ల స్టార్టు కాకపోతే?"

"రేపు వందమంది ముంగట ఆగే బదులు ఇయ్యాల్నే ఆగనీ."

ఉత్తుత్తిగానే దోశలు పోశాను, ఉత్తుత్తిగానే వడ్డించాను. పెనం మీద ఏమీ లేనప్పుడు ఫ్యాను కట్టేశాను, ఎండ బాగా ఉన్నప్పుడు లైట్లు కట్టేశాను. పక్కనే ఆపిన పోలిష్ లారీ డ్రైవరు ఖాళీ పెనం మీద నా విన్యాసాలు కాసేపు చూసి, జాలిపడి ఆపిల్ ఒకటి ఇచ్చి వెళ్లాడు. నేనూ మొహమాటపడకుండా తినేశాను.

రెండున్నర గంటల తర్వాత సీట్లో కూర్చున్నాను. సురేశ్ ఫోన్లోనే ఉన్నాడు. తాళం తిప్పాను. ఇంజన్ ఒకసారి మూలిగింది. ఇంకోసారి మూలిగింది. మూడో మూలుగుకి గురగురమంటూ అందుకుంది.

సురేశ్ అటునుంచి సంతోషంతో కేకలు పెడుతున్నాడు. ఇంత దూరం వెళ్లి కష్టపడి పెట్టించుకున్న హై ఐడిల్ బటన్ని తాకనైనా తాకకుండా గేరు వేశాను.

"అరవకు గానీ, కొబ్బరికాయలు కొట్టి తురిమిపెట్టు" అన్నాను. "చట్నీ ఇంట్లనే రుబ్బుకొని పోదాం. రేపు పదకొండింటికి దుకాణం తెరుస్తున్న."